గోదాం నిండా పాత కంప్యూటర్లు: ఎవరినీ ముంచకుండా, మనం మునగకుండా అమ్మడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మూతపడిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్, నాన్నగారు నడిపి వదిలేసిన సర్వీస్ సెంటర్, అమెరికాలో ఇల్లు కొంటే గరాజ్‌తో పాటు అంటగట్టిన సరుకు. ఎలా వచ్చినా సరే, పదులూ వందలూ పాత యంత్రాలు నెత్తిన పడ్డవాళ్లు అడిగే ప్రశ్నలివి. ఒకటో రెండో అమ్ముకునేవాళ్లకు ఇంత తతంగం అక్కర్లేదు, ఫొటో తీసి పెట్టేస్తే పోతుంది.

నా దగ్గరున్నది నిజంగా వింటేజ్ సరుకేనా, ఉత్త పాత సామానా?

పెంటియం 4 రోజుల నాటి తెల్ల డబ్బాలు రెండొందలున్నా వాటికోసం ఎగబడేవాళ్లు లేరు. సేకరించేవాళ్లకు ఆసక్తి ఎక్కువగా 1970ల చివరి నుంచి 1990ల మొదటి వరకు వచ్చిన వాటి మీద: 8-బిట్ హోమ్ కంప్యూటర్లు, తొలి ఐబీఎం పీసీలు, వాటి నకళ్లు, ఆపిల్, కమోడోర్, సింక్లెయిర్, అటారీ. ఒక్కోసారి మొత్తం యంత్రం కన్నా దాని ముక్కకే గిరాకీ. మీటలు టకటకలాడే ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు, పాత పీసీల ఐఎస్ఏ స్లాట్‌లో పెట్టే సౌండ్ కార్డు లాంటివి డబ్బాలోంచి తీసి చూడకుండా కిలోల లెక్కన ఇచ్చేయకండి.

మన దేశంలో అయితే పేరుపలక చూడండి. 1984లో బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి మొదలైన ‘క్లాస్’ అనే ప్రాజెక్టు కింద వచ్చిన బీబీసీ మైక్రోలు, హైదరాబాద్ ఈసీఐఎల్ టీడీసీ కంప్యూటర్ల వరుసకు చెందిన బోర్డులు, టెర్మినళ్లు, తొలినాళ్ల హెచ్‌సీఎల్, విప్రో, డీసీఎం యంత్రాలు ఇప్పుడు కళ్లపడటమే అరుదు. చాలావరకు ఎప్పుడో తూకానికి పోయాయి. బయటి దేశాల్లో ధర లేదు కదా అని వీటిని తక్కువ చేసి చూడొద్దు. మన కంప్యూటర్ చరిత్రలో చేత్తో తాకి చూడగలిగినవి మిగిలింది ఇవే.

న్యాయంగా అమ్మడం అంటే చవగ్గా ఇచ్చేయమనా?

కాదు. మీ గోదాం అద్దె, మీ నడుంనొప్పి ఊరికే రాలేదు. లాభం చూసుకోండి, తప్పేం లేదు. నా లెక్కలో న్యాయమంటే కొనేవాడికి తెలియాల్సింది డబ్బు కట్టకముందే తెలియడం. ఎన్ని ఉన్నాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఏ నియమం ప్రకారం ఇస్తున్నారు. వీటిలో చాలామంది దాచేది మొదటిదే.

ఎన్ని ఉన్నాయో బయటపెడితే ధర పడిపోదా?

అందరి భయమూ ఇదే. నాలుగొందలు వెనకాల పెట్టుకుని, ఒక్కొక్కటి బయటికి తీస్తూ ‘చాలా అరుదు, ఇదొక్కటే దొరికింది’ అని అమ్మేవాళ్లు ఉన్నారు. మొదట కొన్నవాడు అరుదైన దాని ధర కట్టాడు, ఆరు నెలలకు అదే వస్తువు సగానికి దొరుకుతోంది. వాడి దృష్టిలో అది మోసమే. పైగా పాత కంప్యూటర్ల వాళ్ల లోకం చిన్నది, ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోతుంది. ఆ తర్వాత మీ మాట నమ్మరు.

సంఖ్య చెప్పినా ధర నిలబడ్డ సందర్భం ఉంది. అదే నాబు (NABU) అనే పాత కంప్యూటర్.

నాబు కథ ఏంటి?

కెనడా రాజధాని ఒట్టావాలో 1983లో మొదలైన కేబుల్ నెట్‌వర్క్ అది, దానికి తగిలించే కంప్యూటర్ పేరూ అదే. ఇంట్లో టీవీకి వచ్చే కేబుల్ తీగ మీదే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చేది. సెకనుకు సుమారు 6.5 మెగాబిట్ల వేగం. మన దగ్గర ఫోన్ కనెక్షన్ కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కాలమని గుర్తుచేసుకోండి. ప్రోగ్రాములన్నీ కేబుల్ మీద చక్రంలా తిరుగుతూ ఉండేవి, మీరు అడిగినది వచ్చినప్పుడు, తీగకూ కంప్యూటర్‌కూ మధ్య ఉండే అడాప్టర్ దాన్ని పట్టి యంత్రంలోకి ఎక్కించేది. యంత్రంలో జెడ్80 ప్రాసెసర్, 64 కేబీ మెమరీ, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వీడియో చిప్. ఫ్లాపీ డ్రైవ్ ఉండేది కాదు. అన్నీ తీగ మీదే వస్తాయన్నప్పుడు డిస్కు దేనికని వాళ్ల లెక్క. 1986లో నెట్‌వర్క్ మూతపడింది. దాంతో ఆ డబ్బా స్క్రీన్ మీద నాలుగు అక్షరాలు చూపించి ఊరుకునే బొమ్మ అయిపోయింది.

మిగిలిపోయిన యంత్రాలు చేతులు మారి, సుమారు 2,200 అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ఆడమ్స్ అనే ఊళ్లో ఒకాయన కొట్టంలో చేరాయి. మూడు దశాబ్దాలకు పైగా అక్కడే ఉన్నాయి, చాలావరకు పెట్టె విప్పకుండా. చివరికి బరువుకు కొట్టమే కుంగడం మొదలైంది. 2022లో ఆయన ఒక్కోటి సుమారు 60 డాలర్లకు ఈబేలో పెట్టాడు. పాత కంప్యూటర్ల మీద వీడియోలు చేసే ఒకరు ఒకటి కొని, విప్పి, చూపించేసరికి ఒక్కసారిగా తాకిడి మొదలైంది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. నెట్‌వర్క్ లేని నెట్‌వర్క్ కంప్యూటర్ ఎవడికి కావాలి? కానీ కొన్నవాళ్లలో ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు, ప్రోగ్రామర్లు ఉన్నారు. వాళ్లు అడాప్టర్ మాట్లాడే పద్ధతిని విప్పి చూసి, మామూలు పీసీనే కేబుల్ కంపెనీలా నటింపజేశారు. అప్పట్లో ఆ కంపెనీలో పనిచేసి, ప్రోగ్రాములు దాచుకున్న పాత ఉద్యోగి ఒకరు వాటిని అందరికీ ఇచ్చారు. అంతకు చాలా ముందే, 2009లో, టొరంటోలోని యార్క్ యూనివర్సిటీ కంప్యూటర్ మ్యూజియం వాళ్లు ఆ నెట్‌వర్క్‌ను ప్రదర్శన కోసం మళ్లీ నిలబెట్టి ఉన్నారు. కొన్ని నెలల్లో కొత్త ఆటలు, కొత్త ప్రోగ్రాములు పుట్టాయి. ధర కూడా మొదటి రోజుల కంటే పెరిగింది.

రెండు వేలు ఉన్నాయని అందరికీ తెలిసే ఇదంతా జరిగింది. నన్నడిగితే, తెలియబట్టే జరిగింది. దేశంలో పది మాత్రమే ఉన్న యంత్రానికి ఎవడూ కూర్చుని సాఫ్ట్‌వేర్ రాయడు. వాడేవాళ్లు వేయిమంది ఉంటారని తెలిస్తే రాస్తాడు.

ధర ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన అడిగే ధర చూసి కాదు. వేలం సైట్లలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది. అది పెట్టుకుని పోయిన కొన్ని నెలలవి చూడండి. లక్ష అడుగుతూ ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్న ప్రకటన ధర కాదు, కోరిక.

ఇక ఒక్కటి అమ్ముడైన ధరను మీ దగ్గరున్న వందతో గుణించి లెక్క వేసుకోకండి. ఆ రేటుకు కొనేవాళ్లు ఐదుగురే ఉండొచ్చు. ముందు పది, ఇరవై బయటపెట్టండి. గంటలో అయిపోతే ధర తక్కువ పెట్టారు, నెలకూ కదలకపోతే ఎక్కువ పెట్టారు. మార్చాల్సి వస్తే తర్వాతి విడతకు మార్చండి, ఆ సంగతి ముందే చెప్పండి. ఒకే విడతలో రామయ్యకు ఒక రేటు, రహీంకు ఒక రేటు వద్దు. బేరమాడిన వాడికి తగ్గించి, మొహమాటంతో అడిగినంతా ఇచ్చినవాడి దగ్గర పూర్తిగా తీసుకోవడం మన సంతల్లో మామూలే అయినా, ఇక్కడ అది మిమ్మల్ని వెంటాడుతుంది.

వేలం మంచిదా, ఫిక్స్‌డ్ రేటా?

ఒకేలాంటివి చాలా ఉంటే ఫిక్స్‌డ్ రేటు, ముందొచ్చిన వాళ్లకు ముందు, మనిషికి రెండుకు మించకుండా. అరుదైనది ఒక్కటే ఉంటే వేలం. దాని అసలు విలువ మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఇద్దరు పోటీపడితేనే తేలుతుంది.

వేలంలో వస్తువుతో పాటు దాని కథకూ ధర పలుకుతుంది. అటారీ కంపెనీ 1983లో అమ్ముడుపోని గేమ్ క్యాసెట్లను అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం అలమోగార్డో చెత్తకుప్పలో పాతిపెట్టింది. 2014లో తవ్వి తీసినవి నలిగి, మట్టి పట్టి, చాలావరకు పనికిరానివి. ఆ స్థలం నగరపాలక సంస్థది కాబట్టి సరుకూ వాళ్లదే అయింది. కొన్ని మ్యూజియంలకిచ్చి, వందలకొద్దీ క్యాసెట్లను ఈబేలో వేలం వేస్తే మొత్తం మీద లక్ష డాలర్లకు పైగా వచ్చింది. ఒక్కోదానితో అది అక్కడే తవ్వి తీసిందని ధ్రువపత్రం ఇచ్చారు. జనం కొన్నది ఆ కాగితాన్నీ కలిపే. మీ సరుకు ఏ బడి నుంచి, ఏ ఆఫీసు నుంచి వచ్చిందో తెలిస్తే రాసి ఇవ్వండి. పాత బిల్లు, ఆస్తి నంబరు చీటీ పీకేయకండి.

ఒకాయన వచ్చి మొత్తం గంపగుత్తగా కొంటానంటున్నాడు. ఇచ్చేయనా?

మీకు టైం లేకపోతే, గోదాం ఖాళీ చేయాల్సిన తేదీ దగ్గరపడితే ఇచ్చేయండి. చిల్లరగా అమ్మితే వచ్చేదాంట్లో నాలుగో వంతో, ఐదో వంతో అంటాడు. అతను మోసగాడేం కాదు, మీరు చేయలేని పనికి కూలీ అడుగుతున్నాడు. అడగాల్సిందల్లా ఒకటే: వీటిని ఏం చేస్తావు? వాడేవాళ్లకు అమ్మేవాడు వేరు, చిప్పుల మీది బంగారు పూత కోసం కరిగించేవాడు వేరు. పిన్నులకు బంగారు పూత ఉన్న పాత సిరామిక్ ప్రాసెసర్లను కిలోల లెక్కన కొనేవాళ్లు మన ఊళ్లలోనూ తిరుగుతున్నారు.

మొత్తం సరుకు ఒకే చేతిలో ఉండటం మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. ఆపిల్ లిసా కంప్యూటర్ల సంగతి చూడండి. అమ్ముడుపోని లిసాలను యూటా రాష్ట్రం లోగన్‌లోని సన్ రీమార్కెటింగ్ అనే సంస్థ వేలకొద్దీ తీసుకుని, బాగుచేసి, కొత్త భాగాలు కలిపి అమ్ముకుంటూ వచ్చింది. ఆ యంత్రాలకు రెండో జీవితం ఇచ్చిన మారుబేరమది. ఆ తర్వాత 1989 సెప్టెంబరులో ఆపిల్ మిగిలిన సుమారు 2,700 లిసాలను అదే ఊరి చెత్తకుప్పలో, కాపలా పెట్టి మరీ పాతిపెట్టించింది. పన్ను లెక్కల్లో అలా నష్టం చూపించుకోవడమే లాభమట. ఇప్పుడు పనిచేసే లిసా ఒక్కటి దొరికితే వేల డాలర్లు.

‘టెస్ట్ చేయలేదు’ అని రాసి వదిలేస్తే సరిపోతుందా?

నిజంగా చేయకపోతే అదే రాయండి. ఆన్ చేసి, పనిచేయకపోతే ఆపేసి, ఆ తర్వాత ‘టెస్ట్ చేయలేదు’ అని రాసేవాళ్ల గురించి నేను చెప్పక్కర్లేదు.

వందలో ప్రతిదాన్నీ నడిపి చూడటం అయ్యే పని కాదు. కానీ మూత తీసి చూడటానికి రెండు నిమిషాలు చాలు. 286, 386 ప్రాసెసర్ల కాలపు పీసీల మదర్‌బోర్డుల మీద, చాలావరకు కీబోర్డు కనెక్టర్ దగ్గర, చిన్న పీపాలాంటి నీలం బ్యాటరీ ఉంటుంది. అది కారితే చుట్టూ పచ్చగా, నీలంగా పొక్కు కడుతుంది. రాగి గీతలు నల్లబడి, గోటితో గీకితే పొడిలా రాలతాయి. అలాంటి బోర్డు ఫొటో దగ్గరగా తీసి పెట్టండి. కారనివైతే అమ్మే లోపే కారొచ్చు కాబట్టి కటింగ్ ప్లయర్‌తో కత్తిరించేయండి. ఈ ఒక్క పనితో గోదాం విలువ ఎంత నిలబడుతుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. కారిన చోట ముందు వెనిగర్, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

బీబీసీ మైక్రో, ఆపిల్ 2 లాంటి వాటి పవర్ సప్లైలో తేనెరంగు గాజులా కనిపించే, రీఫా అనే కంపెనీ కెపాసిటర్ ఉంటుంది. పైన వెంట్రుక మందాన బీటలు కనిపిస్తే, కరెంటు పెట్టిన కాసేపటికి ఠప్పున పేలి గదంతా ముక్కుపుటాలదిరే పొగ. యంత్రానికి చాలాసార్లు ఏమీ కాదు గానీ, కొన్నవాడి ఇంట్లో అది పేలితే మీకు ఫోన్ వస్తుంది. ముందే చెప్పండి. అలాగే అమెరికా, కెనడా యంత్రాలు చాలావరకు 110 వోల్టులవి. ఇండియాలో కొనేవాడికి ఆ మాట పెద్ద అక్షరాల్లో చెప్పకపోతే తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టేస్తాడు.

ప్యాకింగ్, రవాణా ఎవరి మీద?

కొనేవాడి మీదే, కానీ అసలు ఖర్చు ఎంతో అంతే. ధర తక్కువ చూపించి రవాణాలో లాగేయడం పాత ట్రిక్కు, అందరికీ తెలుసు. సీఆర్‌టీ మానిటర్లను, అంటే పాత టీవీల్లా వెనక బరువైన గాజు గొట్టం ఉన్నవాటిని, దూరాలకు పంపకపోవడమే మేలు. వెనక మెడ దగ్గర గాజు సన్నగా ఉంటుంది, దెబ్బ తగిలితే అక్కడే పోతుంది. వచ్చి తీసుకెళ్లేవాళ్లకే ఇవ్వండి. తప్పదంటే డబ్బాలో డబ్బా, మధ్యలో నాలుగు వేళ్ల మందం మెత్త.

ఇంకొకటి. అంతవరకు పెద్దగా అమ్మని ఖాతాకు ఒక్కరోజులో వంద ఆర్డర్లు పడితే సైట్ల వాళ్లు అనుమానించి డబ్బు ఆపి ఉంచడం మామూలే. రోజుకు ఎన్ని ప్యాక్ చేయగలరో అన్నే బయటపెట్టండి.

మాన్యువళ్లు, ఫ్లాపీలు విడిగా అమ్మితే ఎక్కువ వస్తుంది కదా?

వస్తుంది. అయినా అమ్మేముందు స్కాన్ చేయండి, ఫ్లాపీలు కాపీ తీయించండి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లాంటి చోట పెట్టండి. అందరి దగ్గరా ఉన్న మాన్యువలైతే ఆ శ్రమ అక్కర్లేదు. ఎక్కడా కనిపించని సర్క్యూట్ బొమ్మలు, సర్వీస్ పుస్తకాలు, కంపెనీ లోపలి ఫ్లాపీలు మాత్రం ఒకడి అల్మారాలో చేరాయంటే అంతే సంగతులు. ఆ పాత ఉద్యోగి ఫ్లాపీలు బయటపెట్టకపోతే నాబు యంత్రాలు కొన్నవాళ్లందరూ సగం దారిలో ఆగిపోయేవాళ్లు.

హార్డ్‌డిస్కులు వేరే సంగతి. ఆఫీసు, ఆసుపత్రి, బడి నుంచి వచ్చినవైతే వాటిలో మనుషుల వివరాలు ఉంటాయి. పూర్తిగా తుడిచి ఇవ్వండి, లేదా తీసేసి ఇచ్చి ఆ సంగతి రాయండి.

మ్యూజియంకు ఇచ్చేస్తే పుణ్యం కాదా?

ఒకటి రెండు మంచివి, పూర్తి కాగితాలతో, ముందు అడిగి ఇవ్వండి. ఒకే రకం రెండొందలు ఏ మ్యూజియమూ తీసుకోదు, పెట్టుకునే చోటు వాళ్లకూ లేదు.

ఇచ్చేటప్పుడు ‘వద్దనుకున్న రోజున ఏం చేస్తారు?’ అని అడిగి కాగితం మీద రాయించుకోండి. మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ సియాటిల్‌లో పెట్టిన లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియం 2020లో కోవిడ్ వేళ మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. 2024లో ఆయన సేకరణలోని వస్తువులను క్రిస్టీస్ సంస్థ వేలం వేసింది. స్టీవ్ జాబ్స్ ఆఫీసులో ఉండిన ఆపిల్-1 ఒక్కటే 9,45,000 డాలర్లు పలికింది. డబ్బు దానధర్మాలకే అన్నారు, అలెన్ కోరిక కూడా అదే. చట్టం ప్రకారం తప్పేం లేదు. కానీ జనం చూస్తారని ఆ మ్యూజియంకు వస్తువులిచ్చినవాళ్ల మనసు నొచ్చుకుంది.

జనాన్ని గోదాంకే రమ్మంటే?

సరుకు రకరకాలైతే ఇదే అన్నిటికన్నా మంచి పద్ధతి. మన తెలుగువాళ్లు లెక్కకు మించి ఉన్న డల్లాస్ ప్రాంతంలోనే కంప్యూటర్ రీసెట్ అనే పెద్ద గోదాం 2019 నుంచి ఇలా ఖాళీ అవుతూ వచ్చింది. యజమాని ఆరోగ్యం దెబ్బతినడంతో పాత కంప్యూటర్ల అభిమానులే స్వచ్ఛందంగా ముందుకొచ్చి, పేర్లు రాసుకుని, విడతలవారీగా మనుషుల్ని లోపలికి వదిలారు. అట్టపెట్టెల కొండల మధ్య ఎవరికి కావలసింది వాళ్లు వెతుక్కుని, బయట ధర కట్టించుకుని వెళ్లారు.

మీరు చేసేటట్టయితే ముందు నడవడానికి దారి చేయండి. పై వరసలోని మానిటర్ ఎవరి నెత్తి మీదైనా పడితే అమ్మకం సంగతి తర్వాత. పేర్లు ముందే తీసుకోండి, క్రమం చీటీలు తీసి నిర్ణయించండి. ‘మా బావమరిది స్నేహితుడు’ అని నిన్న రాత్రే వచ్చి మంచివన్నీ ఏరుకుపోయినట్టు తెలిస్తే పొద్దున్నే క్యూలో నిలబడ్డవాళ్లు ఊరుకోరు. మీకు, మీవాళ్లకు కావలసినవి ఉంటే ముందే పక్కకు తీసి, తీశానని చెప్పండి. ఆ హక్కు మీది.

హైదరాబాద్‌లో కొనేవాళ్లు దొరుకుతారా?

కోఠి గుజరాతీ గల్లీలో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగితే ఎక్కువమంది తూకం రేటే చెబుతారు. పాతవాటిని పాతవాటిగానే కోరుకునేవాళ్లు దేశమంతా చెల్లాచెదురుగా ఉన్నారు. ఎక్కువగా బెంగళూరు, చెన్నై, పుణెల్లో కనిపిస్తారు. వాళ్లను చేరాలంటే ఆన్‌లైన్ తప్ప దారి లేదు. ఓపిక కావాలి. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చెప్పేవాళ్లనూ అడగండి, విప్పి చూపించడానికి వాళ్లకు ఇలాంటివి పనికొస్తాయి. వాళ్ల దగ్గర డబ్బు ఆశించకండి.

చివరికి అమ్ముడుపోనివి ఏం చేయాలి?

ముందు ఉచితంగా ఇస్తామని ఒక తేదీ ప్రకటించండి. విరిగిన వాటిని కూడా కొందరు విడిభాగాల కోసం తీసుకెళ్తారు. అప్పటికీ మిగిలితే ఈ-వేస్టే. మన దేశంలో ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022 ప్రకారం, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఎలక్ట్రానిక్ సామాను పెద్ద మొత్తంలో వాడే కంపెనీలు, సంస్థలు తమ ఈ-వేస్టును నమోదైన తయారీదారులకో, రీసైక్లర్లకో, బాగుచేసేవాళ్లకో మాత్రమే అప్పగించాలి. ఇంట్లో సరుకే అయినా అదే పద్ధతి పాటించండి. సీఆర్‌టీ గాజులో సీసం ఉంటుంది. వాటిని పగలగొట్టి రాగి తీగ లాక్కునేవాడికి పది రూపాయలెక్కువ ఇస్తున్నాడని ఇవ్వడం సరికాదు.

డల్లాస్‌లో మా అన్నయ్య గరాజ్‌లో నలభై ఉన్నాయి. కంటైనర్‌లో ఇండియాకు పంపించి ఇక్కడ అమ్మితే?

వద్దు. వాడిన కంప్యూటర్ల దిగుమతికి కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) అనుమతి కావాలి, అది లేకుండా వస్తే కస్టమ్స్‌లో ఇరుక్కుంటాయి. రవాణా, సుంకం కలిపితే సరుకు ధర దాటిపోతుంది. పైగా అవి చాలావరకు 110 వోల్టులవి. అక్కడి సరుకు అక్కడే అమ్మమనండి, ఎటూ డల్లాస్ చుట్టుపక్కల కొనేవాళ్లకు కొదవ లేదు.